పుచ్చిపోయిన చెక్క మెట్లను బాగుచేసుకోవడం: పాత ఇళ్ళవాళ్ళకు సమగ్ర మార్గదర్శి

గుంటూరు బ్రాడీపేట, అరండల్‌పేటల్లో, విజయవాడ వన్‌టౌన్ సందుల్లో ఇంకా మిగిలిన పాత మేడల్లో వసారా చివర ఒక చెక్క మెట్ల వరస కనిపిస్తుంది. పై మెట్లు ఇప్పటికీ రాయిలా ఉంటాయి. కింది మూడు నాలుగు మాత్రం కాలు పెడితే ఊగుతాయి, అంచులు పొడిగా రాలుతుంటాయి. అదే కలప, అదే వడ్రంగి, అదే వయసు. మరి పైవి ఎందుకు నిలిచాయి, కిందవి ఎందుకు పోయాయి?

తేడా ఒక్కటే, నీళ్ళు. చెక్క వయసు మీదపడి పుచ్చదు, తడి ఆరనిచోట పుచ్చుతుంది. చెక్కలో తేమ 20 శాతం లోపే ఉంటే కుళ్ళు తెచ్చే బూజు పెరగడం కుదరదు. ఆ గీత దాటి చాలాకాలం ఉంటే టేకు కూడా ఓడిపోతుంది. ఈ సంగతి పట్టించుకోకుండా కొత్త పలక వేయిస్తే, పాతది పోయిన చోటే కొత్తదీ పోతుంది. పైగా ఈ రోజుల్లో దొరికే కలపలో చేవ, అంటే మాను నడిమి గట్టి చెక్క, తక్కువ కాబట్టి ఇంకా త్వరగా పోతుంది. అందుకే ఇక్కడ రంపం ప్రస్తావన కాస్త ఆలస్యంగా వస్తుంది.

ముందు నీళ్ళ జాడ పట్టండి

నా మొదటి అనుమానం ఎప్పుడూ పొద్దున్నే వాకిలి కడిగే బకెట్ మీదే. వసారా కడిగిన నీళ్ళు మెట్ల మొదట్లో చేరతాయి. అక్కడ గచ్చు కాస్త లోతుగా ఉంటే పదకొండింటి దాకా ఆరవు. వాన ఏడాదిలో కొన్ని నెలలే, ఈ కడగడం మాత్రం పండగలూ పబ్బాలూ కలుపుకొని ఏడాది పొడవునా ఉంటుంది. అడ్డంగా కోసిన చివర నుంచి చెక్క నీటిని పక్క ముఖాలకన్నా ఎన్నో రెట్లు వేగంగా పీలుస్తుంది. మెట్లను రెండు వైపులా మోసే ఏటవాలు దూలాలు, అంటే పక్కచెక్కలు, నేలను తాకేది సరిగ్గా ఆ చివరతోనే. రోజూ ఒక గంట తడిస్తే చాలు, తేమ లోపలినుంచి అడుగెత్తు దాకా పాకుతుంది. పైన ఎనామిల్ రంగు నిగనిగలాడుతూ ఉంటుంది కాబట్టి ఎవరికీ కనపడదు. ఆ రంగే తేమను బయటికి పోనివ్వకుండా మూసిపెడుతుంది కూడా.

ఒక పని చేయండి. వసారా కడిగాక, తడి ఉన్న మేర చుట్టూ సుద్దముక్కతో గీత గీయండి. అరగంటకోసారి వెళ్ళి మళ్ళీ గీయండి. చివరిదాకా ఆరకుండా మిగిలే మడుగు మెట్ల కాళ్ళ దగ్గరే ఉందంటే దొంగ దొరికినట్టే. అక్కడ గచ్చును సిమెంటుతో వాలుగా సరిచేయించాలి, లేదా మెట్ల పాదాన్ని నేలనుంచి ఎత్తాలి. రెండూ చేస్తే ఇంకా మంచిది.

తర్వాత పైకి చూడండి. పెంకుల చూరు నీళ్ళు ఏ మెట్టు మీద పడుతున్నాయి? మేడమీద కొత్తగా బిగించిన ఏసీ పైపు చుక్కలు ఎక్కడికి జారుతున్నాయి? ప్రతి మెట్టుకీ ఒక మూల పూలకుండీ పెట్టడం మనకు అలవాటు. కుండీ అడుగున చెక్క ఎప్పుడూ తడిగానే ఉంటుంది, ఎత్తి చూస్తే గుండ్రటి నల్లమచ్చ కనిపిస్తుంది. మెట్లు గోడకు ఆనుకుని ఉంటే, గోడలోంచి చెమ్మ ఎక్కుతోందేమో అరచేయి ఆనించి చూడండి. సున్నం పొరలుగా ఊడుతుంటే చెమ్మ ఉన్నట్టే. అలాంటిచోట చెక్కకూ గోడకూ మధ్య అరంగుళం సందు వదలాలి.

వరద మునక వేరే లెక్క. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్, పాయకాపురం వైపు ఇళ్ళలో రోజుల తరబడి నీళ్ళు నిలిచాయి. అలా నానిన చెక్క పైకి నెలలో ఆరినట్టే కనిపిస్తుంది, అతుకుల్లోనూ గాడుల్లోనూ ఒండ్రు పట్టుకుని ఉంటుంది. ఆ ఒండ్రు తేమను వదలదు. నీళ్ళు తీయగానే మంచినీటి పైపుతో గాడులన్నీ కడిగి, గాలి ఆడేలా వదిలేసి, ఒక ఎండాకాలం గడిచాకే రంగు గురించి ఆలోచించాలి.

దబ్బనంతో పరీక్ష

మీటర్లూ యంత్రాలూ తర్వాత, ముందు బస్తాలు కుట్టే దబ్బనం ఒకటి తెచ్చుకోండి. ప్రతి మెట్టుపలకనూ ఐదుచోట్ల గుచ్చాలి: ముందు అంచు, రెండు చివరలు, మేకుల చుట్టూ, వెనక అంచు, అడుగు వైపు. పక్కచెక్కను నేలనుంచి మూడు నాలుగు అంగుళాలకోచోట గుచ్చుతూ పైకి వెళ్ళాలి. మంచి చెక్కలో దబ్బనం కొన చిక్కుకుని ఆగిపోతుంది, లాగేటప్పుడు బలం పెట్టాల్సి వస్తుంది. పుచ్చిన చెక్కలో ఏ అడ్డూ లేకుండా అరంగుళం, అంగుళం దిగిపోతుంది, దానంతటదే జారి బయటికొస్తుంది. కొనకు తడిసిన పొడి అంటుకుంటే అక్కడ కుళ్ళు ఇంకా నడుస్తోందని అర్థం. దబ్బనం పట్టుకున్న వేళ్ళకే సంగతి తెలిసిపోతుంది.

దిగినచోటల్లా సుద్దతో గుణకారపు గుర్తు పెట్టండి. తర్వాత సుత్తి పిడితో తట్టుతూ వినండి. గట్టి చెక్క టంగుమంటుంది, డొల్లయినది మొద్దుగా పలుకుతుంది.

ఇంతకీ ఇది కుళ్ళా, చెదా, పుచ్చు పురుగా? మూడింటికీ మందు వేరు. చెక్క గోధుమ రంగుకు తిరిగి, అడ్డంగా నిలువుగా పగుళ్ళిచ్చి చిన్న చిన్న ఘనాలుగా విరుగుతుంటే అది బూజు తెచ్చిన కుళ్ళు. లోపల పొడవాటి సొరంగాలు, వాటిలో మట్టి, గోడవెంట మట్టి దారులు ఉంటే చెదలు. ఆవగింజంత గుండ్రటి రంధ్రాలు, కింద మైదాపిండిలాంటి పొడి రాలి ఉంటే పుచ్చు పురుగు. పాత టేకు చేవను చెదలు అంత సులభంగా ముట్టవు. చేవ చుట్టూ ఉండే తెల్ల చెక్కను మాత్రం వదలవు. తడి ఉన్నచోటికి చెదలు కూడా చేరతాయి కాబట్టి కుళ్ళు, చెద కలిసే కనిపించడం మామూలే.

చెద జాడ ఉంటే వడ్రంగికన్నా ముందు చెదమందు పని. గోడా గచ్చూ కలిసేచోట అడుగుకొకటి చొప్పున 12 మి.మీ. రంధ్రాలు వేసి, ఇమిడాక్లోప్రిడ్‌లాంటి మందు ఎక్కించి, రంధ్రాలు మూసేస్తారు. మోతాదు డబ్బా మీద రాసినంతే, చేతికి గ్లౌజులు తప్పనిసరి. బావి గానీ నీళ్ళ సంపు గానీ దగ్గర్లో ఉంటే ఈ పని తెలిసినవాళ్ళకే అప్పగించండి.

ఏది మార్చాలి, ఏది అతకాలి

మెట్టుపలక మందంలో మూడోవంతు కన్నా లోతుగా పుచ్చితే మొత్తం మార్చేయాలి. ముందు అంచులో రెండంగుళాల మేర మాత్రమే పోతే అతుకు వేయొచ్చు. నిలువుపలక, అంటే మెట్టుకూ మెట్టుకూ మధ్య నిలబడి ఉండేది, బరువు పెద్దగా మోయదు. దాన్ని తీసి మళ్ళీ పెట్టకపోయినా ఫర్వాలేదు. ఆరుబయట మెట్లకైతే తీసేయమనే చెప్తాను, గాలి ఆడుతుంది.

పక్కచెక్కల విషయంలో మాత్రం మొహమాటం వద్దు. మనిషి బరువంతా వాటిమీదే. పాదం దగ్గర అడుగు, అడుగున్నర వరకే పుచ్చు ఉంటే కింద చెప్పిన పద్ధతిలో నిలబెట్టొచ్చు. మధ్యలో పుచ్చినా, పైన మేడ దూలానికి ఆనేచోట పుచ్చినా అది ఇంట్లో చేసుకునే పని కాదు. అనుభవమున్న వడ్రంగిని పిలవండి, అప్పటిదాకా మెట్లకు అడ్డంగా కర్ర కట్టేయండి.

రంగులవాళ్ళు చూపించే ఒక దగ్గరిదారి ఉంది. పుచ్చినచోట లప్పం మెత్తి, సాండ్ పేపర్ కొట్టి, పైన రంగేస్తారు. గుంటూరులో మా చుట్టాలింట్లో ఇలాగే చేయించారు. దీపావళికి మెట్లు కొత్తవాటిలా మెరిశాయి, సంక్రాంతికి లప్పం పెచ్చులుగా లేచి పలక ముందు అంచుతో సహా ఊడొచ్చింది. లప్పం చిన్న గీతలు, మేకు గుంటలు పూడ్చడానికి. బరువు మోయడానికి కాదు. రంపపుపొట్టులో ఫెవికాల్ కలిపి మెత్తడం కూడా ఇలాంటిదే, ఇంట్లో అల్మరాకు సరిపోతుందేమో గానీ వాన తగిలే మెట్టుకు పనికిరాదు.

కలప, సామాను

టేకు దొరికితే మంచిదే, ధర మాత్రం చేదు. నల్లమద్ది, వేగిస కూడా మెట్లకు బాగా ఆగుతాయి. బరువెక్కువ, మేకు దిగదు, ముందుగా డ్రిల్లు వేయక తప్పదు. వేప చవక, బూజుకు కొంత తట్టుకుంటుంది, కాకపోతే తిన్నగా ఉన్న పలక దొరకడం కష్టం. రబ్బరు చెక్క, మామిడి చెక్క ఆరుబయటికి వద్దు. నా ఓటు మాత్రం కూల్చిన పాత ఇళ్ళ కలపకే. దశాబ్దాలు ఆరిన దూలాన్ని సామిల్లులో పలకలుగా కోయిస్తే ఇక వంకర తిరగదు. కోయించే ముందు పాత మేకులన్నీ పీకించండి, లేకపోతే రంపం పళ్ళు విరుగుతాయి, మిల్లువాడితో గొడవ.

డిపోలో పలక కొనేటప్పుడు చివర చూడండి. చేవ ముదురు రంగులో, దాని చుట్టూ తెల్ల చెక్క పట్టీలా కనిపిస్తుంది. తెల్లపట్టీ ఉన్న పలకకు రంగేసి ముదురు చేసి అమ్మడం కొత్తేమీ కాదు, గోటితో గీకితే తెలిసిపోతుంది. పలకను కంటి ఎత్తుకు పెట్టి పొడవునా చూస్తే మెలిక ఉందో లేదో బయటపడుతుంది.

లెక్క ఇలా వేసుకోవచ్చు. 3 అడుగుల పొడవు, 11 అంగుళాల వెడల్పు, అంగుళంన్నర మందం ఉన్న పలక ఒకటి సుమారు 0.34 ఘనపుటడుగులు. నాలుగు మెట్లకు 1.4 దాకా వస్తుంది. తరుగు కలుపుకుని ఒకటిముప్పావు ఘనపుటడుగులు అడగండి. పలక చేతికొచ్చాక వెంటనే బిగించకండి. నీడలో, కింద రీపర్లు, అంటే సన్నటి చెక్కబద్దలు, పెట్టి, మధ్యలో గాలి ఆడేలా పేర్చి ఉంచండి. తేమ మీటర్ ఉంటే 15 శాతం లోపు చూపించేదాకా ఆగాలి. లేకపోతే కోసిన ముక్క ఒకటి వంటింటి తూకం మీద పెట్టి బరువు రాసుకోండి. రెండు మూడు రోజులకోసారి తూస్తూ ఉండండి. బరువు తగ్గడం ఆగిపోయిందంటే ఆ వాతావరణంలో అది ఆరగలిగినంతా ఆరినట్టే.

స్క్రూలు 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలువి తీసుకోండి. మామూలు ఇనప మేకు తడి చెక్కలో తుప్పుపట్టి, చుట్టూ చెక్కను నల్లగా మార్చి, మెత్తబరుస్తుంది. దబ్బనం ఎక్కువగా దిగేది మేకుల చుట్టూనే, గమనించే ఉంటారు. జిగురు నీటికి తట్టుకునే రకం, ఫెవికాల్ మెరైన్ లాంటిది. ఖాళీలున్న అతుకులకు రెండు ట్యూబులు కలిపే ఎపాక్సీ. బోరాక్స్, బోరిక్ యాసిడ్, ప్రైమర్, ఎనామిల్, 10 మి.మీ. బోల్టులు, గ్రానైట్ ముక్కలు రెండు. రంపం, ఉలి, సుత్తి, మూలమట్టం, స్పిరిట్ లెవెల్, డ్రిల్లు మిషను ఉంటే పని నడుస్తుంది.

ఎప్పుడు మొదలుపెట్టాలి? ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య. చెక్క ఆరి ఉంటుంది, ప్రైమర్ పడుతుంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, ఆ ఎండలో ఎనామిల్ పైపొర గబుక్కున ఎండి లోపల మెత్తగా మిగిలిపోతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపానుల టెన్షన్ ఉండనే ఉంటుంది.

విప్పే ముందు

నేలనుంచి మేడ గచ్చు దాకా నిలువు ఎత్తు కొలిచి రాసుకోండి, ప్రతి మెట్టు ఎత్తునూ విడిగా రాసుకోండి. 126 అంగుళాల ఎత్తుకు 18 ఎగుడులు, అంటే పైకెక్కే అడుగులు, ఉంటే ఒక్కోటి 7 అంగుళాలు. జాతీయ భవన నిర్మాణ నియమావళి ఇళ్ళ మెట్లకు 190 మి.మీ. మించని ఎత్తు, 250 మి.మీ.కు తగ్గని, కాలు పెట్టే వెడల్పు చెప్తుంది, అంటే దాదాపు ఏడున్నర, పది అంగుళాలు. పాత మెట్లు చాలావరకు ఇంతకన్నా నిటారుగా ఉంటాయి. దాన్ని ఇప్పుడు మార్చలేం. కానీ మెట్టుకూ మెట్టుకూ తేడా రాకుండా చూడగలం. కాలు మొదటి రెండు మెట్ల ఎత్తును గుర్తుపెట్టుకుని మిగతావి చూడకుండా ఎక్కేస్తుంది. మధ్యలో ఒకటి అరంగుళం తేడా వచ్చిందా, చీకట్లో దిగే పెద్దవాళ్ళు పడతారు.

పాత పలక అంగుళంపావు మందం, కొత్తది అంగుళంన్నర అనుకుందాం. కింద ఆసరా అదే చోట ఉంచితే ఈ మెట్టు పావంగుళం ఎత్తవుతుంది, దాని పై మెట్టు పావంగుళం తగ్గుతుంది. రెండింటి మధ్య తేడా అరంగుళం. అందుకే కొత్త పలక పాతదానికన్నా ఎంత ఎక్కువ మందమో లెక్క చూసుకుని ఆసరాను అంత కిందికి దించాలి. దీన్ని కొందరు మేస్త్రులు తేలిగ్గా కొట్టిపారేస్తారు. మీరు మాత్రం పట్టుబట్టండి.

తర్వాత ఆధారం. పై పక్కచెక్కల కింద, మంచి చెక్క ఉన్నచోట, రెండువైపులా సరుగుడు బాదులు నిలబెట్టి, అడుగున పలకముక్క వేసి, చెక్క చీలలు కొట్టి బిగించండి. బాదు జారకుండా అడ్డకర్ర కట్టాలి. ఆ తర్వాతే పాదం ముట్టుకోవాలి. విప్పుతున్నంతసేపూ మెట్ల కింద ఎవరూ కూర్చోకూడదు, పిల్లల్ని అటు రానివ్వకూడదు.

పాత పలకలు తీయడం

పాత పనితనంలో మెట్టుపలక చివరలు పక్కచెక్కల్లో చెక్కిన గాడుల్లో దూరి ఉంటాయి. గడ్డపార పెట్టి లేపితే గాడి అంచు చీలిపోతుంది, చెడని పక్కచెక్క కూడా చెడుతుంది. పలకను సరిగ్గా మధ్యలో రంపంతో అడ్డంగా కోసేయండి. రెండు ముక్కలూ చెరోవైపు ఊపుతూ లాగితే గాడిలోంచి వచ్చేస్తాయి. మేకు అడ్డొస్తే సందులో హాక్సా బ్లేడు దూర్చి కోయండి.

గాడిలో మిగిలిన మెత్తటి చెక్కను ఉలితో గట్టిచెక్క తగిలేదాకా తీసేయాలి. ఇక్కడ తొందరపడొద్దు. మెత్తన ఏ కొంచెం మిగిలినా బూజు దానిలోంచే మళ్ళీ పాకుతుంది. తీసిన పొట్టంతా ఊడ్చి దూరంగా పారేయండి, మొక్కల మొదట్లో వేయొద్దు.

పక్కచెక్క పాదం

ఈ పని సరిగ్గా జరిగితే మిగతాదంతా తేలిక. దబ్బనం దిగిన ఆఖరి గుర్తుకు పైన మరో ఆరంగుళాలు కొలిచి అక్కడ కోయాలి. కంటికి మంచిగా కనిపించే చెక్కలోకి కూడా బూజు పోగులు ముందే పాకి ఉంటాయి కాబట్టి ఆ ఆరంగుళాలు వదులుకోవాల్సిందే. కోత అడ్డంగా కాకుండా ఏటవాలుగా ఉండాలి, నీళ్ళు అతుకులోకి కాకుండా బయటికి జారే వైపు వాలాలి.

పోయిన భాగం పొడవుకు సరిపడా కొత్త ముక్క, అంతే మందం, అంతే వెడల్పు కోసి పెట్టుకోండి. లోపలివైపు ఇంకో పలకను తోడుగా వేయాలి. అది అతుకుకు పైన రెండడుగులు, కింద పాదం దాకా రావాలి. అతుకుకు ఎగువన నాలుగు, దిగువన మూడు 10 మి.మీ. బోల్టులు, ఒకే గీతలో కాకుండా ఒకటి పైకి ఒకటి కిందికి వేస్తే చెక్క చీలదు. వాషర్లు వెడల్పువి వేయండి. తోడుపలక, పక్కచెక్క తాకే రెండు ముఖాలకూ బిగించే ముందే ప్రైమర్ వేసి ఆరనివ్వాలి, తర్వాత నీళ్ళు దిగే పై అంచున ఎపాక్సీ పూయాలి. రెండు చెక్కల మధ్య చిక్కిన నీళ్ళంత చెడ్డవి మరొకటి లేవు.

ఇక పాదం నేలను తాకకూడదు. గచ్చు మీద సిమెంటు, ఇసుక, చిన్న కంకర 1:2:4 పాళ్ళలో పోసి నాలుగంగుళాల దిమ్మె కట్టించండి, వారం రోజులు తడపండి. దాని పైన గ్రానైట్ ముక్క, దానిమీద మందపాటి రబ్బరు షీటు, ఆ పైన చెక్క. దిమ్మె పై ముఖం నాలుగువైపులా కాస్త వాలుగా ఉండాలి. చెక్కను దిమ్మెలో పూడ్చి చుట్టూ సిమెంటు మెత్తడం కొందరికి అలవాటు. అలా చేస్తే చెక్క చుట్టూ తొట్టి కట్టి నీళ్ళు పోసినట్టే. స్టెయిన్‌లెస్ యాంగిల్ ముక్కతో దిమ్మెకు పట్టించండి, చాలు.

మెట్ల పాదం గచ్చు దాటి మట్టిమీద ఉంటే గుంటూరువాళ్ళు మరింత జాగ్రత్తపడాలి. ఇక్కడి నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు పగుళ్ళిచ్చి కుంగుతుంది. రెండంగుళాల పల్చటి దిమ్మె వేస్తే ఏడాదికి రెండుసార్లు అది లేచి దిగుతుంది, దానితోపాటు మెట్ల వరస మెలితిరుగుతుంది. రెండడుగుల లోతు తవ్వి, రేగడి తీసేసి, గ్రావెల్ నింపి దిమ్మిస కొట్టి, దానిమీద దిమ్మె పోయించాలి. చుట్టూ నీళ్ళు నిలవకుండా వాలు ఇవ్వాలి.

బోరాక్స్ నీళ్ళు

లీటరు వేడినీళ్ళలో 60 గ్రాముల బోరాక్స్, 40 గ్రాముల బోరిక్ యాసిడ్ కరిగించండి. రంగు లేని మిగిలిన పాత చెక్కకూ, కొత్త చెక్కకూ బ్రష్‌తో పట్టించండి. మొదటిది ఇంకగానే రెండోసారి, చివరలకైతే మూడోసారి. బూజుకూ, పుచ్చు పురుగుకూ ఇది బాగా పనిచేస్తుంది. దీనికున్న లోపం ఒకటే, వాన పడితే కరిగి కొట్టుకుపోతుంది. కాబట్టి పూర్తిగా ఆరాక పైన రంగు తప్పకుండా పడాలి. వాడిన గిన్నె మళ్ళీ వంటింటికి వెళ్ళకూడదు, చిన్నపిల్లలకు అందనివ్వకూడదు.

వాడేసిన ఇంజన్ ఆయిల్ పూసే పద్ధతి మన వైపు ఇంకా ఉంది. చెదలు రావని చెప్పి పూస్తారు. వాసన వదలదు, కాలు జారుతుంది, నిప్పంటుకుంటే త్వరగా మండుతుంది, దానిమీద ఏ రంగూ నిలవదు. గేదెల పాక గుంజకు ఏమో గానీ ఇంటి మెట్లకు వద్దు.

కొత్త పలకలు బిగించడం

రెండు పక్కచెక్కలూ బిగించి ఉన్నప్పుడు కొత్త పలక రెండు గాడుల్లోకీ ఒకేసారి దూరదు. గాడి పొడవుకు తగ్గ చెక్కముక్కను జిగురుతో గాడిలో కొట్టి పూడ్చేయండి. పలకను రెండు పక్కచెక్కల మధ్య దూరానికి పావంగుళం తక్కువగా కోయండి. కింద ఆసరాగా ఒకటిన్నర అంగుళాల చదరం రీపరు ముక్కను పక్కచెక్కకు మూడేసి స్క్రూలతో బిగించి, దానిమీద పలక కూర్చోబెట్టాలి. బరువైన మనుషులు, సామాన్ల రాకపోకలు ఎక్కువైతే రీపరు బదులు స్టెయిన్‌లెస్ యాంగిల్ వేయించండి. విజయవాడ ఆటోనగర్‌లో కొలతిస్తే కోసి రంధ్రాలు వేసి ఇస్తారు.

స్క్రూలు పైనుంచి కాదు, కిందినుంచి, రీపరులోంచి పలకలోకి ఎక్కించండి. పలక పైముఖం మీద ఒక్క రంధ్రం కూడా లేకపోతే నీళ్ళకు దారే లేదు. పనికి కాస్త ఇబ్బంది, మెట్ల కింద పడుకుని చేయాలి, వడ్రంగి సణుగుతాడు. "ఇలా ఎవరూ చేయించరు సార్" అంటాడు. టీ తెప్పించి, "ఎవరూ చేయించకే కదా మేస్త్రీ, అవి పుచ్చింది" అనండి. స్క్రూ కొన పైకి పొడుచుకు రాకుండా పొడవు చూసుకోవాలి.

పలక ముందు అంచు వైపు కొద్దిగా వాలాలి, 11 అంగుళాలకు అంగుళంలో ఎనిమిదోవంతు చాలు. ముందు అంచు పైమూలను చిత్రికతో గుండ్రం చేయండి, కాలికి గుచ్చుకోదు, రంగు కూడా నిలుస్తుంది. అంచుకు అడుగున, అరంగుళం లోపలికి, సన్నటి గాడి ఒకటి పొడవునా తీస్తే నీటిచుక్క వెనక్కి పాకకుండా అక్కడే రాలిపోతుంది. ఒకే వెడల్పు పలక దొరక్కపోతే రెండు పలకలు పక్కపక్కన వేసి, మధ్య అంగుళంలో ఎనిమిదోవంతు సందు వదలండి. ఎండాకాలంలో సందు లేకుండా బిగిస్తే శ్రావణమాసానికి ఉబ్బి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి.

ఆరు ముఖాలకూ ప్రైమర్ వేసిన తర్వాతే పలక లోపలికి వెళ్ళాలి. బిగించాక వేస్తే అడుగు వైపు, చివరలు ఎప్పటికీ మిగిలిపోతాయి. కోసిన చివరలకు రెండుసార్లు వేయండి.

అన్నీ అయ్యాక చెంబెడు నీళ్ళు మెట్టు వెనక అంచున పోసి చూడండి. నీళ్ళు ముందుకు జారి అంచునుంచి కారాలి. పక్కచెక్క మూలలో మడుగుకట్టి నిలబడితే, అక్కడ వాలు సరిలేదు. పలక విప్పి రీపరు సర్దాలి.

ముందు అంచు మాత్రమే పోయిన మెట్లకు అతుకు: పోయిన భాగాన్ని తిన్నగా, మూలలు చతురస్రంగా కోసి తీసేసి, అదే జాతి చెక్కముక్కను ఈనెలు ఒకే దిక్కుగా ఉండేలా ఎపాక్సీతో అతికి, కింది నుంచి రెండు స్క్రూలు వేసి, ఒక రోజు బిగింపు మీద వదిలేయండి. తర్వాత చిత్రిక పట్టి సమం చేయాలి.

రంగు, చేతిపట్టు

ఎండ తగిలే మెట్లకు పారదర్శక వార్నిష్ వేయొద్దు. ఈ ప్రాంతపు ఎండకు పొరలుగా లేస్తుంది, మొత్తం గీకితే గానీ మళ్ళీ వేయలేరు. ప్రైమర్ మీద రెండు కోట్లు ఎనామిల్ సరిపోతుంది. పొద్దున్నే మొదలుపెట్టి, చెక్క వేడెక్కకముందే ముగించండి. ముదురు గోధుమ, నలుపు రంగులు చూడ్డానికి బాగుంటాయి, మే నెల మధ్యాహ్నం ఉత్తకాళ్ళతో ఎక్కేవాళ్ళని అడగండి ఎలా ఉంటుందో. ఆఖరి కోటు తడిగా ఉన్నప్పుడే ముందు అంచున రెండంగుళాల పట్టీలో ఆరిన సన్నటి ఇసుక చల్లితే వానలో కాలు జారదు.

చెక్క రంగు కనపడాలంటే అవిసె నూనె పట్టించొచ్చు, ఏటేటా మళ్ళీ పట్టించే ఓపిక ఉంటేనే. ఆ నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేయకండి. ఆరేటప్పుడు వాటిలో వేడి పుట్టి, వాటంతటవే అంటుకుంటాయి. ఎండలో విడివిడిగా పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్ళలో నానబెట్టి పారేయండి.

చేతిపట్టును రెండు చేతులతో పట్టుకుని గట్టిగా ఊపండి. కదిలితే దాన్ని మోసే కింది స్తంభం పాదం పుచ్చి ఉంటుంది, అక్కడా ఇదే దబ్బనం, ఇదే వైద్యం. పసిపిల్లలుంటే ఊచల మధ్య నాలుగంగుళాలకు మించి సందు ఉండకూడదు.

మేస్త్రితో ఒప్పందం

మరమ్మతు పనికి గుత్త కన్నా రోజు కూలే నయమని నా అభిప్రాయం. గుత్తకిస్తే ప్రైమర్ ఆరేదాకా ఎవరూ ఆగరు. లోపల ఎంత పుచ్చిందో విప్పితే గానీ తెలియదు కాబట్టి ముందే చెప్పిన లెక్క ఎలాగూ నిలవదు, ఆ తేడా మెట్లలోంచే మిగుల్చుకుంటారు. కలప, స్క్రూలు మీరే కొనండి. విప్పిన రోజు దగ్గర ఉండి దబ్బనంతో మీరే గుచ్చి చూడండి. పాదం కోసే గీత మీ ఎదురుగానే గీయించండి.

పని అయ్యాక, వాకిలి కడిగే మనిషికి ఒక మాట చెప్పాలి. నీళ్ళు మెట్ల వైపు కాకుండా కాలవ వైపు నెట్టి, దిమ్మెల చుట్టూ చీపురుతో ఒక్కసారి తోసేయమని. కుండీలు మెట్లమీదినుంచి తీసి అరుగుమీద పెట్టండి. వానలు తగ్గాక ఓసారి, ఎండలు మొదలయ్యే ముందు ఓసారి పక్కచెక్కల పాదాల్లో, రీపరు చివరల్లో దబ్బనం గుచ్చండి. రంగు పగిలినచోట కనిపిస్తే ఆ వారమే గీకి, ఆరనిచ్చి, ఆ ముక్కకే ప్రైమర్, ఎనామిల్ వేసేయండి.